శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి లక్డీకాపూల్ హోటల్‌కి కారు: డ్రైవర్‌కి ఫుల్ మార్కులు, ఆఫీసుకి కాదు

నాన్నకి మోకాళ్ల నొప్పులు, దిగేది రాత్రి పదకొండున్నరకి, అందుకే ఆర్టీసీ వాళ్ల ఎయిర్‌పోర్ట్ బస్సు పుష్పక్ వద్దులే అని రెండ్రోజుల ముందే ప్రైవేట్ కారు బుక్ చేశా, 1,450 రూపాయలు, టోల్, పార్కింగ్ అన్నీ అందులోనే అన్నారు. వైజాగ్ ఫ్లైట్ నలభై నిమిషాలు లేటు. అయినా డ్రైవరన్న ఫ్లైట్ టైమ్ చూసుకుంటూనే ఉన్నాడంట, బయటికి రాగానే పేరు రాసిన అట్ట పట్టుకుని కనిపించాడు. పేరులో ఒక అక్షరం తప్పే కానీ మా నాన్న మాత్రం దానికి ఫోటో తీసుకున్నాడు.

అసలు గొడవ కారుతోనే. పెద్ద కారు అని చెప్పి డిజైర్ పంపారు, డిక్కీ తెరిస్తే సగం సీఎన్‌జీ సిలిండరే! రెండు సూట్‌కేసులు ఎలాగో కుక్కాం, మూడోది ముందు సీట్లో నా కాళ్ల దగ్గర, ఆవకాయ డబ్బా అమ్మ ఒళ్లో, మూత దగ్గర నూనె కారి చీరకి మరక కూడా అయింది.

ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడవాటి ఫ్లైఓవర్ ఎక్కాక మాత్రం హాయి, పదకొండు కిలోమీటర్లకి పైగా ఒక్క సిగ్నల్ లేదు, మెహదీపట్నంలో దిగి మాసాబ్ ట్యాంక్ మీదుగా వెళ్లిపోయాం, నాన్న దారంతా పిల్లర్ నంబర్లు లెక్కపెడుతూనే ఉన్నాడు.

హోటల్ ముందు డ్రైవరన్న "సార్, వెయిటింగ్ 200" అన్నాడు. అన్నా, అన్నీ కలిపే అన్నారు కదా అని మెసేజ్ చూపిస్తే పాపం ఆయనే ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తితే కదా. చివరికి నా చేత్తో ఆయనకి 100 ఇచ్చా, టీ తాగమని.