పిల్లల గ్యాస్ట్రో క్లినిక్: మా బాబు వాంతుల విషయంలో నా అనుభవం

మా బాబుకి ఎనిమిదేళ్లు. నెలకో రెండు నెలలకో తెల్లవారుజామున లేస్తాడు, మొహం పాలిపోతుంది, ఇక వాంతులే. గంటకి ఐదారు సార్లు. మంచినీళ్లు కూడా నిలవవు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోయి ఇడ్లీ అడిగి మరీ తింటాడు. ప్రతిసారీ ఇదే వరస. చూపించిన చోటల్లా ఫుడ్ పాయిజన్ అని సెలైన్ పెట్టి పంపేవారు. అదే అన్నం తిన్న మాకెవరికీ ఏమీ కాలేదే అంటే జవాబు ఉండేది కాదు.

ఈ క్లినిక్‌లో డాక్టరమ్మ గారు పొట్ట నొక్కి చూసే ముందే కూర్చోబెట్టి అడిగారు. ఏ వేళకి మొదలవుతుంది, మధ్య రోజుల్లో హుషారుగా ఉంటాడా, ముందు రాత్రి నిద్ర చాలలేదా, ఇంట్లో పెళ్లో పుట్టినరోజో జరిగిందా అని. తర్వాత నన్ను చూసి, "మీకు పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్, ఉందామ్మా?" అన్నారు. నాకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. బాబుది సైక్లిక్ వామిటింగ్ సిండ్రోమ్, అంటే విడతలు విడతలుగా వాంతులు వచ్చే జబ్బు అనీ, అది మైగ్రేన్‌కి చుట్టం లాంటిదనీ అప్పుడు వివరించారు. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదట. వచ్చే వరసను చూసి, వేరే జబ్బులు కావని తేల్చుకోవాలి. అందుకే పేగు మెలిక పడిందేమోనని బేరియం ఎక్స్‌రే, కిడ్నీలకి స్కానింగ్ చేయించారు. ఎండోస్కోపీ అక్కర్లేదన్నారు. వాంతి ఆకుపచ్చగా అయినా, తలనొప్పితో తూలుతున్నా మాత్రం పాత జబ్బేలే అనుకోకుండా వెంటనే తీసుకురమ్మన్నారు.

ఈసీజీ తీశాక, వాంతులు మళ్లీ మళ్లీ రాకుండా రాత్రిపూట వేసుకోమని అమిట్రిప్టిలిన్ అనే మందు చిన్న డోసు రాశారు. ఐదేళ్లలోపు పిల్లలకైతే దాని బదులు సైప్రోహెప్టడిన్ అనే మందు ఇస్తారట. మొహం పాలిపోగానే నోట్లో కరిగే ఆన్‌డాన్‌సెట్రాన్ అనే వాంతుల మాత్ర వేయాలి.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఎమర్జెన్సీలో చూపించమని ఆవిడ రాసిచ్చిన కాగితం. జబ్బు పేరు, బాబు బరువుకి తగ్గ డోసు, గ్లూకోజు కలిపిన సెలైన్ ఆలస్యం చేయకుండా పెట్టాలని, లైట్లు తీసేసి చప్పుడు లేని గదిలో పడుకోబెట్టాలని అందులో ఉంది. సంక్రాంతికి అమలాపురం వెళ్లినప్పుడు అర్ధరాత్రి మొదలైంది. అక్కడి డ్యూటీ డాక్టరు ఆ కాగితం చదివి వెంటనే సెలైన్ ఎక్కించారు. మధ్యాహ్నానికల్లా లేచి కూర్చున్నాడు. ఆ కాగితం ఇచ్చినందుకే ఆవిడకి ఎంత రుణపడ్డానో!

జబ్బు పూర్తిగా పోలేదు, కానీ ఒకసారి వచ్చాక మళ్లీ వచ్చేలోపు ఎడం బాగా పెరిగింది.

ఓపీలో మాత్రం టోకెన్ తీసుకున్నా గంటలకొద్దీ కూర్చోవాలి. ఆకలితో ఉంటే కూడా ఈ పిల్లలకి వాంతులు మొదలవ్వచ్చు కాబట్టి ఏదైనా తినడానికి వెంట తీసుకెళ్లండి. పాత డిశ్చార్జి కాగితాలు తేదీల వరసలో పెట్టుకోండి, డాక్టరమ్మ గారు మొదట అడిగేవి అవే.