అనంతగిరిలో గునుగు దండిగా ఉంది, నల్లాలోనే నీళ్లు లేవు

పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు ముందు శని, ఆదివారాలు అనంతగిరి వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, అక్క, అక్క కూతురు. లింగంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగాం, ఆటోకు 200.

బస గురించి మాత్రం చెప్పి తీరాలి. ఫోన్‌లో 'వ్యాలీ వ్యూ కాటేజీ' అన్నారు, రాత్రికి 4,200. కర్టెన్ జరిపితే ఎదురుగా నీళ్ల ట్యాంకు, దాని మీద కోతి. పోనీ ఆ ట్యాంకులో నీళ్లున్నాయా అంటే అదీ లేదు. సాయంత్రం ఆరింటికే నల్లా ఆగిపోయింది. "మోటార్ కాలింది మేడం, క్యాన్లు పంపిస్తాం" అన్నారు. రెండు పంపారు. తెల్లారి బిల్లులో ఒక్కో క్యాన్‌కు 100! దాని కింద క్యాంప్‌ఫైర్ 500. వానకు తడిసిన కట్టెలు పొగే తప్ప మంట చూపించలేదు. మా ఆయన పోనీలే అనే రకం. అక్క కాదు. అరగంట కౌంటర్ దగ్గర నిలబడి ఆ 700 కొట్టేయించాకే కదిలింది. ఇక రోజంతా మా అక్క మొహం వెలిగిపోయింది.

అనంతపద్మనాభస్వామి గుడి దగ్గరి నుంచి అడవి బాటలో దిగాం. ఎర్రమట్టి తడిస్తే సబ్బులా జారుతుంది, చెప్పులతో వెళ్లకండి. చేతిలో తినేవి కనపడితే కోతులు వదలవు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అంటే పిల్ల నమ్మలేదు. "చాదర్‌ఘాట్‌లో ముక్కు మూసుకునేది ఈ నదికేనా?" అంది.

అడవి దాటి చేల గట్ల మీదికి వచ్చాక చూడాలి, తంగేడు పసుపుపచ్చగా విరగబూసింది. దాని పక్కనే మోకాలెత్తు గునుగు, రెండూ బతుకమ్మ పూలే. గునుగు కంకి కింద తెలుపు, కొసకు గులాబీ రంగు. నిమిరితే కాగితంలా గరగర. కలుపు తీస్తున్న ఒకామె మమ్మల్ని చూసి నవ్వింది. "తంగేడు ఇయ్యాల తెంపితే రేపటికి వాడుతది బిడ్డా, గునుగు తీస్కపోండ్రి" అని తన కొడవలే ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

నా మాట వింటే రాత్రి ఉండకండి. పొద్దున బండికి వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి, ఆ 4,200 మిగులుతుంది.

తిరుగు రైల్లో పక్క సీటు ఆవిడ మా ఒళ్లో గునుగు చూసి "కట్ట ఎంతమ్మా?" అని అడిగింది. అక్క తడుముకోకుండా "యాభై" అంది. మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.