సారె మీద చేసిన చేపల చట్టి, గురుగులు, కూజా: కొన్నేళ్లు వాడాక

నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో సంగం దాటాక ఒక కుమ్మరాయన ఉన్నాడు. మట్టి తొక్కడం, సారె తిప్పడం, ఆము (కుండలు కాల్చే బట్టీ) కాల్చడం, అమ్మడం అన్నీ ఆయనొక్కడే. ఆయన చేసిన చేపల చట్లు, పెరుగు గురుగులు, నీళ్ల కూజా మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నాం. అన్నిటికీ ఒకే మార్కులు వేయలేను. చట్టికి మాత్రం నూటికి నూరు.

మన చేపల పులుసు ఈరోజు వండి రేపు తినేది. చింతపండు పులుపు, దానికి తోడు మామిడికాయ ముక్కలు. అంత పులుపు రాత్రంతా అల్యూమినియం గిన్నెలో ఉంటే గిన్నెని తింటుంది, పులుసు రుచీ మారిపోతుంది. మట్టితో ఆ గొడవ లేదు. వండిన చట్టిలోనే మూతపెట్టి వదిలేస్తాం, పొద్దున్నే వేడి అన్నంలోకి అది దిగిందంటే ఇంక మాటల్లేవు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మట్టికి వేడి నిదానంగా ఎక్కుతుంది, నిదానంగా దిగుతుంది. స్టవ్ ఆపేశాక కూడా పులుసు చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. ముక్క ఇంకాస్త ఉడకాలి అనిపించినప్పుడే ఆపేయండి. కొరమీను తట్టుకుంటుంది గానీ, చందువా అయితే చిదురైపోతుంది.

చేపల పులుసుని గరిటెతో కలపం కదా, చట్టినే రెండు చేతులా పట్టుకుని తిప్పుతాం. అందుకు ఈ చట్టి అంచు భలే కుదిరింది. బాగా బయటికి వంగి ఉంటుంది, గుడ్డ వేసి పట్టుకుంటే వేళ్లు జారవు. అంచు కింద సారె తిరుగుతుండగా ఆయన వేలికొసతో లాగిన గీత ఒకటి చుట్టూ ఉంది. తడుముతూ పోతే ఒకచోట మొదలూ చివరా కలవకుండా, చివర కొంచెం పైకి లేచి ఆగిపోతుంది. వంట చేస్తూ దాని మీద వేలు పోనివ్వడం నాకు అలవాటైపోయింది.

ఇక అడుగు సంగతి. పాతకాలపు చట్టికి అడుగు గుండ్రంగా ఉంటుంది. సారె మీద చట్టి తీశాక, కాస్త ఆరనిచ్చి, లోపల రాయి ఆనించి బయటినుంచి చెక్కతో కొట్టి కొట్టి అడుగుని గుండ్రంగా మూస్తారు. గోడ పలచగా, దాదాపు ఒకే మందంలో వస్తుంది. మూల అనేది ఉండదు కాబట్టి మంట తగిలినప్పుడు ఒకచోటే లాగదు. గ్యాస్ స్టవ్ మీద ఊగుతుందని ఇప్పుడు చాలామంది చదును అడుగుదే అడుగుతున్నారు. మేం రెండు రకాలూ తీసుకున్నాం. చదునుదానికి గోడా అడుగూ కలిసే మూలలో వెంట్రుకంత బీట వచ్చింది. పులుసు కారలేదు గానీ బయట నూనె చెమర్చేది. తీసుకెళ్లి చూపిస్తే, "మూలలో మందం ఎక్కువైందమ్మా, అక్కడే లాగుద్ది" అని డబ్బులు తీసుకోకుండా ఇంకోటి ఇచ్చాడు. దాని మూల గుండ్రంగా తిప్పాడు, ఇప్పటిదాకా బాగానే ఉంది. గుండ్రటి అడుగుదాన్ని ఇనుప రింగు మీద పెట్టి వాడుతున్నాం, చెక్కు చెదరలేదు. నన్నడిగితే రింగు కొనుక్కుని గుండ్రటిదే తీసుకోండి. ఇండక్షన్ స్టవ్ మీద మాత్రం ఏదీ పనికిరాదు, మట్టి దానిమీద వేడెక్కదు.

కొత్త చట్టిని రాత్రంతా నీళ్లలో నానేసి, ఆరాక నూనె పట్టించి, గంజి పోసి సన్నమంట మీద కాచాలి. గంజి సన్నటి రంధ్రాల్లో చేరి బిగుస్తుంది. సబ్బు అసలు వద్దు, మట్టి దాన్ని పీల్చుకుని తర్వాతి కూరలో వదులుతుంది. వేడినీళ్లు, కొబ్బరిపీచు, నీచు వాసనకి కాస్త శనగపిండి చాలు. స్టీలు గరిటె గీరుతుంది, మన ఉదయగిరి చెక్క గరిటెలు దీనికి సరిజోడు. వేడి చట్టిని తడి గ్రానైట్ గట్టు మీద పెట్టొద్దు.

గురుగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెరుగులో నీటిని మట్టి పీల్చేస్తుంది, గట్టిగా తోడుకుంటుంది. కడిగాక ఎండలో బోర్లించాలి, అంతే.

కూజా దగ్గరే ఆలోచించాలి. లోపలి నీళ్లు చెమ్మగా బయటికొచ్చి ఆవిరైతేనే చల్లదనం. గాలిలో తేమ ఉంటే ఆ పని జరగదు. నెల్లూరులో ఉక్కపోసే రోజుల్లో కూజా నీళ్లు ఓ మోస్తరు చల్లగా ఉంటాయి, అంతకంటే ఆశించొద్దు. పడమటి గాలి తిరిగిందా, అదే కూజాలో నీళ్లు పళ్లు జివ్వుమంటాయి. కనిగిరిలో మా పిన్నికి ఆయన దగ్గరే ఇంకో కూజా కొనిచ్చాం. అక్కడి పొడిగాలికి అది మాదానికంటే ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. కానీ బోరు నీళ్లు పోసినన్నాళ్లూ గోడ మీద తెల్లగా ఉప్పు పేరుకుని చల్లదనం తగ్గిపోయేది. క్యాన్ నీళ్లు పోయడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. కూజాలో పోసినంత మాత్రాన ఆ నీళ్లు మంచినీళ్లు కావు, దయచేసి అలా నమ్మొద్దు.

ఒంటిచేతి పనితో ఉండే ఇబ్బంది టైమే. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో కుండలు ఆరవు. ఫోన్ చేస్తే, "పచ్చి కుండ ఆములో పెడితే పేలిపోద్దమ్మా, సంక్రాంతి పోనీండి" అంటాడు. చెప్పిన తేదీ కూడా దాటిపోతుంది. ఏదైనా ఫంక్షన్‌కి కావాలంటే టెన్షన్ తప్పదు, చాలా ముందే చెప్పుకోవాలి. ధర రోడ్డుపక్క అమ్మే వాటికంటే ఎక్కువే. అయినా నేను ఆయన దగ్గరే కొంటాను. నల్ల చట్టి కావాలంటే ఆము నోళ్లన్నీ మూసి పొగ పట్టించి నలుపు తెస్తాడు, రంగు పూయడు. బయట కొన్నవాటిని తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, నలుపు గుడ్డకి అంటిందంటే వంటకి వాడొద్దు. గాజులా మెరిసే పూత ఉన్నవీ, అందులో సీసం లేదని గట్టిగా తెలిస్తే తప్ప, పులుపు వంటకి వద్దు.

ఒకే చేతిలోంచి వచ్చినా ఏ రెండూ ఒకేలా ఉండవు, అందుకే వెళ్లి చూసి తీసుకోండి. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. బొంగురుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే. మూత పెట్టి చుట్టూ తిప్పి చూడండి. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది, వేర్వేరు మట్టి ముద్దల్లోంచి తీసినవైతే కుదరవు. మా పెద్ద చట్టి మూత ఒక పక్క లేచే ఉంటుంది, దాని బదులు స్టీలు పళ్లెం పెడుతున్నాం. ఆర్డర్ ఇచ్చేటప్పుడే చట్టీ మూతా ఒకే మట్టితో, ఒకే రోజు తీయమని చెప్పండి. చెబితే చేస్తాడు.