నల్లమల పక్కన వేడినీళ్ళు దొరుకుతాయా? మహానంది గుండం, మన కోనల మీద నా అనుభవం

చలికాలం మొదలవగానే గిద్దలూరులో నన్ను ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు: మన దగ్గర వేడినీటి ఊటలేమీ లేవా, కారేసుకుని పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేటట్టు? మనాలి వైపు టూర్ వేసొచ్చినవాళ్ళయితే మరీ ఎక్కువగా అడుగుతారు. అక్కడ మణికరణ్‌లో బియ్యం మూటగట్టి ఊటలో వేలాడదీస్తే అన్నమైపోతుంది. అది కళ్ళారా చూసొచ్చాక మన కొండలకేం తక్కువ అనిపించడం సహజమే.

నాకు తెలిసినంతలో అలాంటి ఊట మన నల్లమలలో గానీ, అటు వెలికొండల్లో గానీ లేదు. తెలుగునేల మీద నిజంగా చెయ్యి కాలే నీళ్ళు కావాలంటే భద్రాచలం దగ్గర గుండాల పోవాలి. అక్కడ గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. మనకది ఒక పూటలో అయ్యే ప్రయాణం కాదు. అయితే ఒళ్ళు వెచ్చబడాలి, గీజర్ నీళ్ళు కాకుండా భూమిలోంచి వచ్చిన నీళ్ళలో మునగాలి అన్నదే కోరికైతే, ఘాట్ రోడ్డు దాటితే మహానంది ఉంది. ఏళ్ళ తరబడి అన్ని కాలాల్లోనూ వెళ్తున్న చోటు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. దాంతో పాటు ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఊట స్నానాలని జనం చెప్పుకునే కోనల సంగతి కూడా. ఎందుకంటే వాటిలో చాలావరకు ఊటలు కావు, వాగులు. ఈ తేడా తెలియక ఏప్రిల్లో పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరితే అక్కడ కనిపించేది ఎండిన రాళ్ళు.

మహానంది నీళ్ళు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటాయని పెద్దలు చెప్తారు. మహిమ మాట భక్తులకు వదిలేస్తాను. నీటి సంగతి చూస్తే ఆ నీళ్ళు మారేది దాదాపు ఏమీ ఉండదు, మారేది బయట గాలి. భూమిలో పదిహేను ఇరవై మీటర్ల కిందికి పోతే వేసవి, శీతాకాలం తేడా తెలియదు. ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడి ఎంతో అక్కడా దాదాపు అంతే ఉంటుంది. మన వైపు అది 28 డిగ్రీల దరిదాపుల్లో. నల్లమల మీద కురిసిన వాన రాతి పగుళ్ళలో ఇంకి, కొండ పాదం దగ్గర ఆ వేడితోనే పైకి లేస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున గాలి పదిహేడు పద్దెనిమిది డిగ్రీలు ఉన్నప్పుడు అవి వెచ్చటి నీళ్ళు. మే నెలలో నలభై దాటిన మధ్యాహ్నం అవే చల్లటి నీళ్ళు. నిజమైన వేడి ఊటల కథ వేరు. అక్కడ వాన నీరు పగుళ్ళ వెంబడి చాలా లోతుకు దిగి, మళ్ళీ త్వరగా పైకి వస్తుంది. మామూలు నేలలో కిలోమీటరు కిందికి పోతే 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతాయి కాబట్టి, ఎంత లోతు పోయొస్తే అంత కాగి వస్తుంది. మహానంది నీరు అంత లోతు చూసొచ్చినట్టు లేదు.

అందుకే నా మొదటి సలహా: మహానంది నీళ్ళ గొప్ప తెలియాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో, అదీ సూర్యుడు రాకముందు దిగాలి. పదకొండు గంటలకు చేరి మునిగి, "ఏముంది, మామూలు నీళ్ళే కదా" అని పెదవి విరిచినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళన్నదీ నిజమే, ఆ వేళకి అవి మామూలు నీళ్ళే.

తెల్లవారుజామున సంగతి ఇలా ఉంటుంది. చెప్పులు విడిచి మెట్ల దగ్గరికి నడిచేటప్పుడు కాళ్ళ కింద బండలు ఐసులా ఉంటాయి. నీళ్ళ మీద పల్చటి పొగ లేస్తుంటుంది. మొదటి మెట్టు మీద పాదం పెట్టగానే పై బండ కంటే నీళ్ళే వెచ్చగా తగులుతాయి, దాంతో అసంకల్పితంగా రెండో మెట్టు కూడా దిగుతాం. నడుము దాకా వచ్చాక పైన తడవని ఒళ్ళు వణుకుతుంది, కింద ఒళ్ళు సుఖంగా ఉంటుంది. అక్కడ ఆగి ఆలోచించేవాళ్ళే ఇబ్బంది పడతారు. గబుక్కున మెడ దాకా మునిగితే చలి పోతుంది. అసలు కష్టం బయటికి రావడంలో ఉంది. తడి ఒంటి మీద గాలి తగలగానే పళ్ళు టకటకలాడతాయి. తువ్వాలు, పొడి బట్టలు పట్టుకుని గట్టు మీద ఒక మనిషి సిద్ధంగా ఉండాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ ఎప్పుడూ మా ఆవిడదే. ఈ మధ్య ఆమె కూడా దిగడం మొదలుపెట్టాక మా తమ్ముడి మీద పడింది.

లోతు దాదాపు ఐదడుగులు. నీళ్ళు ఎక్కడా నిలవ ఉండవు. గర్భగుడిలో లింగం కింద నుంచి వచ్చిన ధార గుండాల్లోకి, అక్కడి నుంచి కాలువల్లోకి పోతూనే ఉంటుంది కాబట్టి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అడుగున పడ్డ బిళ్ళ రూపాయో రెండు రూపాయలో గట్టు మీద నుంచే చెప్పొచ్చు, అంత తేటగా ఉంటుంది. లోపలి పెద్దది రుద్రగుండం. ప్రవేశం దగ్గరున్న చిన్నవి బ్రహ్మగుండం, విష్ణుగుండం. ఏ గుండంలో దిగనిస్తున్నారో రద్దీని బట్టి, రోజును బట్టి మారుతుంది కాబట్టి అక్కడి సిబ్బంది చెప్పినట్టు నడుచుకోవడం మేలు. పదేళ్ళ లోపు పిల్లలకు ఐదడుగులంటే తల మునిగే లోతు. చేయి పట్టుకుని మెట్ల మీదే కూర్చోబెట్టండి. మెట్ల అంచుల్లో పాచి ఉంటుంది, పెద్దలు కూడా చూసి అడుగు వేయాలి.

సబ్బు, నూనె, షాంపూ అసలు వద్దు. అయినా అక్కడ ఎవరో ఒకరు షాంపూ ప్యాకెట్ చింపుతూనే కనపడతారు. ఆ నీళ్ళే బయట రెండు వేల ఎకరాల దాకా పారతాయని, ఆ అరటి తోటలన్నీ ఆ పారుదల మీదే బతుకుతున్నాయని తెలిస్తే చింపరేమో. స్నానం అయ్యాక ఆ కాలువ గట్టు వెంట కాసేపు నడవండి. జనం ఉండరు, నీళ్ళు గలగలా పరిగెడుతుంటాయి. నాకైతే గుండం కంటే అదే ఎక్కువ ఇష్టం.

మా మామయ్యకి మోకాళ్ళ నొప్పులు. "నీళ్ళలో ఉన్నంతసేపూ నా కాళ్ళు నావి కావబ్బా, ఇరవై ఏళ్ళ కుర్రాడివి" అంటాడు. గుండం గట్టు దిగి కారు దాకా నడిచేసరికి మళ్ళీ మూలుగు. నీళ్ళు ఒంటి బరువు మోస్తాయి కాబట్టి మోకాలికి అంతసేపు విశ్రాంతి, అంతకు మించి ఏమీ లేదు. రోగాలు పోతాయని ఎవరైనా చెప్తే నమ్మి మందులు మానొద్దు. ఇంకో మాట, గుండాల, మణికరణ్ లాంటి చోట్ల బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు వేడినీళ్ళలో ఎక్కువసేపు కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. మహానందిలో ఆ టెన్షన్ లేదు. ముసలివాళ్ళను తీసుకెళ్ళడానికి నేను దీన్నే ఎంచుకోవడానికి సగం కారణం ఇదే.

ఇక దారి. గిద్దలూరు నుంచి యాభై అరవై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దిగువమెట్ట దాటాక అడవి, ఘాట్ మలుపులు. పచ్చర్ల మీదుగా గాజులపల్లి చేరి అక్కడ తిరగాలి. రైలంటే ఇష్టం ఉన్నవాళ్ళు గుంటూరు నంద్యాల లైన్లో నంద్యాలలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవచ్చు, అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు. ఘాట్‌లో లారీలు ఎక్కువ, మలుపుల్లో ఓవర్‌టేక్ చేసే తొందర పెట్టుకోవద్దు. 2024లో మహానంది గుడి పరిసరాల్లో చిరుత తిరగడం, అదే ఏడాది పచ్చర్ల దగ్గర చిరుత ఒక మహిళను చంపడం అందరికీ తెలిసిందే. చీకట్లో బైకు మీద ఆ దారిన రావొద్దు, ఫొటోల కోసం అడవిలో బండి ఆపొద్దు. కోతులకు బిస్కెట్లు వేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కోతులు రోడ్డు మీదికి వచ్చేది అందుకే, చక్రాల కింద పడేదీ అందుకే.

తెల్లవారుజాము స్నానం, చీకట్లో ఘాట్ ప్రయాణం వద్దు, ఈ రెండూ కలవవు కదా. అందుకే మేం ముందురోజు సాయంత్రమే వెళ్ళి అక్కడే పడుకుంటాం. గది విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ఒకసారి ఒక ప్రైవేటు లాడ్జిలో "హాట్ వాటర్ 24 గంటలు" అన్న బోర్డు చూసి దిగితే, పొద్దున బకెట్ వేడినీళ్ళకి వేరే డబ్బులన్నాడు. నేను గుండంలో స్నానం చేసేవాడినే కాబట్టి నవ్వుకుని ఊరుకున్నాను, మా అమ్మ మాత్రం గట్టిగానే వేసుకుంది. దుప్పట్లు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. పొద్దున టిఫినుకి ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినండి. ఇడ్లీ, కారం దోసె మన ఊళ్ళో ఎటూ దొరుకుతాయి.

శివరాత్రికి, కార్తీక సోమవారాలకు స్నానం కోసమని వెళ్ళొద్దు. దర్శనం కోసం వెళ్తే అది వేరే లెక్క. ఆ రోజుల్లో గుండంలో నీళ్ళకంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు. సంక్రాంతి ముందు వారంలో మంగళ, బుధవారాలు నాకు బాగా కలిసొచ్చాయి. ఎండాకాలంలోనూ వెళ్ళొచ్చు, మధ్యాహ్నం రెండింటికి ఆ నీళ్ళలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. కాకపోతే గుండం చుట్టూ బండలు కాలిపోతుంటాయి, చెప్పులు లేకుండా పిల్లలు గంతులే.

ఇప్పుడు మన కోనలు. రాచర్ల మండలం జె.పుల్లలచెరువు నుంచి అడవిలోకి పోతే నెమలిగుండం రంగస్వామి గుడి, పక్కనే గుండ్లకమ్మ దూకే మడుగు. నెమలి రూపంలో ఉన్న మయూర మహర్షి ముక్కుతో తవ్విన గుండమని కథ. శనివారమే పూజలు కాబట్టి మిగతా రోజుల్లో పోతే మనిషి జాడ ఉండదు. వానల తర్వాత ఆ నీళ్ళు దూకడం చూడటానికి చాలా బాగుంటుంది. స్నానానికి మాత్రం నేను ఎవరినీ ప్రోత్సహించను. అది అడుగు తెలియని మడుగు, ఈత వచ్చినవాళ్ళకూ అది చోటు కాదు. కింద పల్చగా పారే చోట చెంబుతో పోసుకుంటే చాలు. నీళ్ళు చలికాలంలో జివ్వుమంటాయి, వెచ్చదనం మాట మర్చిపోండి. పై నుంచి రాళ్ళ మీద పారి వచ్చిన నీరు గాలి ఎంత చల్లగా ఉంటే అంత చల్లబడుతుంది.

భైరవకోన సంగతీ ఇంతే. చంద్రశేఖరపురం మండలంలో ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, ఎదురుగా దాదాపు రెండొందల అడుగుల నుంచి పడే జలపాతం. గుహల కోసం ఏ కాలంలోనైనా వెళ్ళొచ్చు, స్తంభాల అడుగున చెక్కిన సింహాలను చూడటానికే ఒక గంట పెట్టుకోవాలి. జలపాతం కింద తడవాలంటే మాత్రం అక్టోబరు, నవంబరు వానల తర్వాత వెళ్ళండి. వేసవిలో సన్నటి ధార తప్ప ఏమీ మిగలదు. వాన పడుతున్నప్పుడు అసలు కింద నిలబడొద్దు, పై నుంచి నీళ్ళతో పాటు రాళ్ళూ వస్తాయి. కార్తీక పౌర్ణమికి చంద్రకాంతి అమ్మవారి మీద పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు తరలివస్తాయి, ఆ రాత్రి పార్కింగ్ దొరకడం గగనం.

నెల్లూరు వాళ్ళకైతే రాపూరు పక్కనున్న పెంచలకోన దగ్గర. వెలికొండల పాదంలో నరసింహస్వామి గుడి, పక్కనే వాగు, పైకి ఎక్కితే జలపాతం. ఈశాన్య రుతుపవనాలు బాగా పడ్డ ఏడాది డిసెంబరులో ఆ వాగులో మోకాలి లోతు నీళ్ళలో కూర్చోవడం హాయిగా ఉంటుంది, ఒక పది నిమిషాలు. ఆ తర్వాత పెదవులు నీలం. పై జలపాతానికి పోయేటట్టుంటే స్థానికుల్ని వెంటబెట్టుకోండి.

నెల్లూరు నుంచి నేరుగా మహానంది రావాలనుకుంటే ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ఆళ్ళగడ్డ మీదుగా నంద్యాల చేరడం తేలిక. ఐదు గంటలు పట్టొచ్చు కాబట్టి ఒక రోజులో పోయి రావడం పెట్టుకోవద్దు. మధ్యలో అహోబిలం పక్కకు తిరిగితే రెండు రోజులు సరిగ్గా సరిపోతాయి. ఒంగోలు వాళ్ళు పొదిలి, బేస్తవారిపేట మీదుగా గిద్దలూరు వచ్చి, మధ్యాహ్నం భోజనం అక్కడే కానిచ్చి, వెలుతురు ఉండగానే ఘాట్ దాటేయండి. సాయంత్రం నాలుగుకల్లా దిగువమెట్ట దాటితే అయిదున్నరకు గది తాళం చేతిలో ఉంటుంది.