ఆన్‌లైన్ ఈసీ: ‘నిల్’ వచ్చిందని అడ్వాన్స్ ఇచ్చేయకండి

ఇల్లు కొనేవాళ్లు మొదట అడిగేది “ఈసీ క్లియర్‌గా ఉందా?” అనే. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా. అమ్మేవాళ్లు మొదట చూపించేదీ ఆ కాగితమే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖలు తమ వెబ్‌సైట్లలో ఈసీని ఉచితంగా చూడనిస్తున్నాయి. ఇంత పనికొచ్చే ప్రభుత్వ సేవలు తక్కువ. అయితే దాన్ని సరిగ్గా అడగాలి, వచ్చిన జవాబును సరిగ్గా చదవాలి. అది చెప్పేదల్లా మీరు టైపు చేసిన వివరాలతో, మీరిచ్చిన తేదీల మధ్య, రిజిస్ట్రేషన్ ఆఫీసు 1వ పుస్తకంలో (స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే రిజిస్టరులో) ఏ దస్తావేజులు ఎక్కాయన్నదే. ఆస్తి ఎవరిదో తేల్చి చెప్పడం దాని పని కాదు.

ఖాతా తెరిచి లాగిన్ అయ్యాక రెండు దారులుంటాయి. మొదటిది దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చి వెతకడం. తేలికైన దారి ఇదే, ఎందుకంటే ఆ దస్తావేజులోని షెడ్యూలును (ఆస్తి వివరాలను) సైటే తెచ్చుకుంటుంది. ఇక్కడ చాలామంది ఆస్తి ఏ ఆఫీసు పరిధిలో ఉందో దాన్ని ఎంచుకుంటారు. ఎంచుకోవలసింది ఆ దస్తావేజు రిజిస్టరైన ఆఫీసును. జిల్లాలో ఎక్కడైనా రిజిస్ట్రేషన్ చేయించుకునే వీలుంది కాబట్టి ఈ రెండూ వేరు కావచ్చు. దస్తావేజు వెనక ముద్ర మీద ఆఫీసు పేరు ఉంటుంది, చూసి ఎంచుకోండి.

రెండోది గ్రామం, సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఇంటి నంబరుతో వెతకడం. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మున్సిపాలిటీ ఇంటి నంబర్లు మార్చి ఉంటుంది. పాత దస్తావేజులో పాత నంబరు, కొత్తదానిలో కొత్త నంబరు ఉంటాయి. సర్వే నంబరు 123 తర్వాత 123/అ, 123/అ/1గా చీలి ఉంటుంది. ప్లాటు ఒకచోట “12, 13” అని, మరోచోట “12 పార్టు” అని ఎక్కి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా జవాబు ‘నిల్’ (ఏ దస్తావేజూ లేదు) అని రావచ్చు. అందుకే ఒక్క వెతుకులాటతో ఆగకండి. ఇంటి నంబరుతో ఒకసారి, ప్లాటు నంబరుతో ఒకసారి, ఉత్త సర్వే నంబరుతో ఒకసారి వెతకండి. గ్రామం ఒక ఆఫీసు పరిధి నుంచి మరో ఆఫీసుకు మారి ఉంటే రెండింటిలోనూ చూడండి.

రికార్డు 1983 జనవరి 1 నుంచే ఎందుకు మొదలవుతుందని చాలామంది అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరీకరించారు. అప్పుడు వెనకటి పదిహేనేళ్ల సూచికలను కంప్యూటర్లలోకి ఎక్కించారు. 1983 నుంచి 1998 దాకా ఉన్నవన్నీ చేతిరాత పుస్తకాలు చూసి ఎక్కించినవే కాబట్టి పేర్లు, నంబర్లలో పొరపాట్లు ఆ కాలానివే ఎక్కువ. 1983కు ముందు సంగతి కావాలంటే ఆఫీసుకే వెళ్లి చేతి ఈసీకి దరఖాస్తు పెట్టాలి. బ్యాంకుకు, కోర్టుకు ఇవ్వాలన్నా స్క్రీన్ మీది ప్రింటు సరిపోదు. మీసేవ ద్వారానో ఆఫీసు నుంచో ఫీజు కట్టి, సంతకమున్న ప్రతి తీసుకోవాలి.

ఇక వచ్చిన ఈసీని చదవడం. ఒక్కో వరుసలో ఆస్తి వివరం, హద్దులు, రిజిస్టరైన తేదీ, దస్తావేజు రకం, మార్కెట్ విలువ, ప్రతిఫలం, పార్టీల పేర్లు, చివర దస్తావేజు నంబరు ఉంటాయి. పేర్ల ముందు ‘ఈఎక్స్’ అని ఉంటే రాసిచ్చినవారు, ‘సీఎల్’ అని ఉంటే రాయించుకున్నవారు. ‘ఎంఆర్’ తాకట్టు పెట్టినవారు, ‘ఎంఈ’ తాకట్టు పట్టినవారు. ‘డీఆర్’, ‘డీఈ’ అంటే దానం ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు. పాతదాని నుంచి కిందికి చదువుతూ రండి. ఒక వరుసలో రాయించుకున్న మనిషే తర్వాతి అమ్మకంలో రాసిచ్చినవాడై ఉండాలి. 1994లో కొన్నది ఒకరై, 2009లో అమ్మింది ఇంకొకరైతే మధ్యలో గొలుసు తెగినట్టే. అక్కడ చావో, వీలునామానో, నోటిమాట పంపకమో జరిగి ఉంటుంది. ఆ కాగితం చూడకుండా ముందుకు వెళ్లొద్దు.

తాకట్టు వరుస కనబడితే దాని విడుదల వరుస కోసం కూడా చూడండి. లోన్ తీరిపోయినా విడుదల రిజిస్టరు కాక తాకట్టు ఈసీలో అలాగే ఉండిపోవడం చాలా మామూలు. అమ్మేవాళ్లు ఈ పని ముందే చేసుకుంటే మంచిది. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు ఒరిజినల్స్ తిరిగివ్వాలి, ఆస్తి మీద రిజిస్టరైన తాకట్టును తీయించాలి. తప్పు బ్యాంకుదై ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. చాలామంది అమ్మకందారులకు ఈ హక్కు ఉన్న సంగతే తెలియదు.

ఫ్లాట్ కొనేవాళ్లను ఆన్‌లైన్ ఈసీ ఎక్కువగా మోసపుచ్చుతుంది. 2016లో కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబరుతో వెతికితే ఈసీ 2016లోనే మొదలవుతుంది. అంతకుముందు ఆ ఫ్లాటే లేదు కాబట్టి ఏమీ కనబడదు. అది చూసి “ముప్పై ఏళ్ల ఈసీ క్లీన్” అనుకోవడం పెద్ద పొరపాటు. దస్తావేజు షెడ్యూలులో అవిభాజ్య వాటా (ఫ్లాటుతో పాటు స్థలంలో వచ్చే వాటా) కింద రాసిన స్థలం సర్వే నంబరు, ప్లాటు నంబర్లు తీసుకుని, స్థలానికి విడిగా ఈసీ తీయాలి. బిల్డర్‌తో స్థల యజమాని రాసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తన తరఫున వ్యవహరించే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) అక్కడ బయటపడుతుంది. దాని తర్వాత ఏ ఫ్లాట్లు యజమానివి, ఏవి బిల్డర్‌వి అని పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ కూడా అడిగి చూడండి. యజమాని వాటాలోని ఫ్లాటును బిల్డర్ అమ్మితే చిక్కుల్లో పడేది కొన్నవాళ్లే.

ఇదే సైట్లలో నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద అసైన్డ్, ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూములు అందులో ఉంటాయి. సర్వే నంబరుతో అక్కడా చూడాల్సిందే. రెండు నిమిషాల పని.

ఇప్పుడు ఈసీలో ఎప్పటికీ కనబడని వాటి సంగతి. మామూలు జీపీఏ 1వ పుస్తకంలో కాదు, 4వ పుస్తకంలో ఎక్కుతుంది. అందుకే అది ఈసీలో రాదు, దాని రద్దూ రాదు. 4వ పుస్తకం నకళ్లు అందులోని పార్టీలకు, వాళ్ల తరఫువాళ్లకు మాత్రమే ఇస్తారు కాబట్టి ఆ నకలు అమ్మేవాళ్ల చేతనే తెప్పించాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న యజమాని తరఫున తమ్ముడో బావమరిదో అమ్ముతుంటే ఇది మరీ ముఖ్యం. విదేశంలో రాసిన జీపీఏకు భారతదేశం చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. రాసిచ్చిన మనిషి చనిపోతే మామూలు జీపీఏ అక్కడితో చెల్లిపోతుంది. రిజిస్ట్రేషన్ ముందురోజు యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడటాన్ని అనుమానించడం అనుకోవద్దు, అది కనీస జాగ్రత్త.

వీలునామాలు 3వ పుస్తకంలోకి వెళ్తాయి, పైగా రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. రిజిస్టరు కాని అమ్మకపు అగ్రిమెంట్లు, ఇంటి పన్ను, కరెంటు బకాయిలు ఈసీలో ఉండవు. కోర్టు కేసు కూడా చాలాసార్లు కనబడదు. అయినా ఆస్తి మీద దావా నడుస్తుండగా కొంటే, తెలియక కొన్నా ఆ తీర్పుకు మీరు కట్టుబడాల్సిందే. ఈ-కోర్ట్స్ సైట్‌లో అమ్మేవారి పేరుతో, వాళ్ల తల్లిదండ్రుల పేర్లతో వెతకండి. కాగితాలు బ్యాంకులో పెట్టి, రిజిస్టరు చేయకుండా తీసుకున్న లోన్ల కోసం తాకట్టులను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ ‘సెర్సాయ్’లో కొద్దిపాటి ఫీజుతో చూడవచ్చు.

ఆడపిల్లల వాటా సంగతి విడిగా చెప్పాలి. ఈసీలో అన్నదమ్ముల మధ్య పంపకం ఒక వరుసగా శుభ్రంగా కనబడుతుంది. చెల్లెలు ఉందన్న సంగతి అందులో ఉండదు. పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు దేశమంతటా కొడుకులతో సమాన హక్కు హిందూ వారసత్వ చట్ట సవరణతో 2005 సెప్టెంబరు 9న వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి ఆ సవరణ పోదు. ఈ మినహాయింపు చూపించి “పాత పంపకమే కదా, పర్లేదు” అంటుంటారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ మాట చాలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు ఇచ్చింది. 1990లో కొడుకులే పంచుకున్న ఆస్తి అయితే, అప్పటికి ఇంట్లో పెళ్లికాని ఆడపిల్ల ఉందా అని అడగాల్సిందే. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని, అందరి చేతా దస్తావేజు మీద సంతకం పెట్టించండి. అమ్మేవాళ్లు నొచ్చుకున్నా సరే, అడగండి.

తెలంగాణలో వ్యవసాయ భూమి నుంచి మారిన ప్లాటైతే ఇంకో మెలిక ఉంది. 2020 అక్టోబరు చివర ధరణి పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గరికి మారింది. 2025 ఏప్రిల్ నుంచి ఆ స్థానంలో భూభారతి ఉంది. కాబట్టి ఒకే స్థలం చరిత్ర రెండు సైట్లలో చీలి ఉంటుంది. రెండూ తీసి పక్కపక్కన పెట్టుకుంటేనే గొలుసు పూర్తవుతుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు తీసిన ఈసీ ఆ రోజు వరకే పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ ఒకసారి తీయండి. రిజిస్ట్రేషన్ అయ్యాక కొద్దిరోజులకు మీ దస్తావేజు నంబరుతో ఇంకోసారి తీసి, మీ పేరు, ప్లాటు నంబరు, గజాలు, నాలుగు హద్దులు అక్షరం అక్షరం సరిచూసుకోండి. దస్తావేజులోనే తప్పుంటే సవరణ దస్తావేజు కావాలి. దానికి అమ్మినవాళ్లు కూడా వచ్చి సంతకం పెట్టాలి కాబట్టి, వాళ్లు ఊళ్లో ఉండగానే ఈ పని తెముల్చుకోండి.