పార్కింగ్ షాపు ముందా, వెనకా?

మెట్రో స్టేషన్ దగ్గరి మెయిన్ రోడ్డుకు జోనింగ్ (ఎక్కడ ఏం, ఎలా కట్టొచ్చో చెప్పే నిబంధనలు) రాసేటప్పుడు తేల్చాల్సింది ఇదే.

ముందు సెట్‌బ్యాక్‌లో, అంటే కట్టడానికీ రోడ్డుకీ మధ్య వదిలే ఖాళీలో, బళ్లు పెట్టుకోనిస్తే యజమానికి హాయి: గిరాకీకి షాపు ముందే చోటు, ఖర్చూ తక్కువే. దెబ్బ పడేది ఫుట్‌పాత్‌కి. ప్రతి షాపుకీ ఒక ర్యాంప్, ప్రతి ర్యాంప్ దగ్గరా ఫుట్‌పాత్ దిగి, మళ్లీ ఎక్కాలి. చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోతుంది. సెట్‌బ్యాక్ నిండగానే బైకులు ఫుట్‌పాత్ మీదికి ఎక్కుతాయి. నడిచేవాళ్లు రోడ్డు మీదికి దిగుతారు.

వెనక పెడితే షట్టర్లు నేరుగా ఫుట్‌పాత్ మీదికే తెరుచుకుంటాయి. వాణిజ్య వీధిలో అడ్డంకుల్లేని వెడల్పు 2.5 మీటర్లుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకం ఐఆర్‌సీ 103 అంటుంది; అది నిలబడేది ఇలాగే. కానీ 5 మీటర్ల కారు వరసకు, తిప్పుకోవడానికి 6 మీటర్ల దారి కలిపితే 11 మీటర్ల లోతు పోతుంది. 9 మీటర్ల ముఖం ఉన్న ప్లాటులో పక్క దారికే 3.5 మీటర్లు వదిలితే మలిగెకు ఏం మిగులుతుంది?

అందుకే చిన్న ప్లాట్లకు విడివిడిగా కాదు, వెనక ఉమ్మడి సందు, పక్కవీధి నుంచి ఒకే ప్రవేశం రాయాలి. అది కుదరని చోట ముందు పార్కింగ్ కంటే, షాపు పార్కింగ్ ఇవ్వాలన్న షరతే ఎత్తేయడం నయం.