విజయనగరం ‘ఒక్క రోజు టూర్, సాయంత్రం నాటకం’ ప్యాకేజీ తీసుకునేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

మన శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ పోస్టర్ మీరూ చూసే ఉంటారు. పేరు రాయను, కానీ డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నిన్న రాత్రే తిరిగొచ్చాం, ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

మనిషికి 1,800. అందులో 500 నాటకం ‘ముందు వరుస టికెట్’కట. నాన్న కోసమే బుక్ చేశాను. కుర్రతనంలో ఊళ్లో నాటకాలాడిన మనిషి ఆయన. కన్యాశుల్కం మొదటిసారి 1892లో ప్రదర్శించింది విజయనగరంలోనే కదా, ఆ ఊళ్లోనే ఆ నాటకం చూడాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక.

పగలంతా పరుగే. ఘంటస్తంభం దగ్గర బండి దిగనివ్వలేదు, పార్కింగ్ లేదన్నారు. 1713లో కట్టిన కోటను గేటు బయటి నుంచే చూపించారు. సంగీత కళాశాలదీ అదే కథ. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కాలేజీ, ఘంటసాల చదువుకున్న చోటు. బండి స్లో చేసి ‘అదిగో’ అన్నారు, అంతే. బొంకుల దిబ్బ చూపిస్తామని పోస్టర్‌లో రాశారు, అటు తిప్పనే లేదు. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి దర్శనం ఒక్కటే తృప్తిగా జరిగింది, అదీ అమ్మ పట్టుబట్టి దిగింది కాబట్టి.

తర్వాత బొబ్బిలి వీణ బొమ్మలంటూ ఒక షాపులో గంటకు పైగా కూర్చోబెట్టారు. నాటకానికి టైమవుతోందని నాన్న ఎన్నిసార్లు చెప్పినా డ్రైవర్ కదల్లేదు. కమీషన్ కోసమని అక్కడ అందరికీ అర్థమైంది.

హాలు దగ్గర దించేసి బండి వెళ్లిపోయింది. మా చేతిలో జిరాక్స్ చీటీలు, వాటి మీద బాల్‌పెన్నుతో సీటు నంబర్లు. గేటు దగ్గర వాలంటీరు కుర్రాడు నాన్న చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘మావయ్య గారూ, దీనికి టికెట్టే లేదండీ, ఎవరైనా రావచ్చు’ అన్నాడు. తలెత్తి చూస్తే బ్యానర్ మీద అంత పెద్ద అక్షరాలతో ‘ప్రవేశం ఉచితం’. ముందు వరుసలు అతిథులకట. నాన్న ఏమీ అనలేదు. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

టూర్ ఆయనకి ఫోన్ చేశాను. ‘ఏటండీ గొడవ? లోపలికి పంపించారు కదా, ఇంకేటి కావాలి?’ అన్నాడు. ఫోన్ నాన్న తీసుకుని, మొదటి రంగం అయిపోయింది బాబూ, అన్నారు. దానికి వాడన్న మాట: ‘యూట్యూబ్‌లో ఉంటాది పెద్దాయనా, చూసుకోండి.’ పెట్టేశాడు. డబ్బు సంగతి తర్వాత, ఆ మాటను మాత్రం నేను క్షమించను. గిరీశం బొంకుల దిబ్బ మీద కనిపించే రంగంతోనే నాటకం మొదలవుతుంది. ఆ దిబ్బ ఉన్న ఊళ్లో ఆ రంగం చూడాలనే నాన్న అంత దూరం వచ్చారు.

ఆ వాలంటీర్లు మాత్రం బంగారం లాంటి పిల్లలు. హాలు నిండిపోయినా నాన్నకూ అమ్మకూ ప్లాస్టిక్ కుర్చీలు వెతికి తెచ్చారు, మంచినీళ్లిచ్చారు. నటులూ ప్రాణం పెట్టి ఆడారు. వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు.

వెళ్లాలనుకునేవాళ్లు రైలుకో బస్సుకో వెళ్లి, అక్కడ ఆటో మాట్లాడుకోండి. నాటకానికి టికెట్ ఉందో లేదో నిర్వాహకులనే అడగండి. కట్టిన డబ్బుకు రసీదు, స్క్రీన్‌షాట్ దాచుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తున్నాను. ఇదే ప్యాకేజీలో మోసపోయినవాళ్లు ఉంటే మీరూ చేయండి.